ఎనిమిది గంటల కూర

ఆ బుధవారం నాడు సాంబయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం రెండు గంటలకు, తలుపుకు గడియ పెట్టుకొని, ఎవరి కంటా పడకుండా ఒక గిన్నెడు కూర తినాలి. ఇంత చిన్న పనికి ఒక ఎస్సై, ఇద్దరు పంచులు, నూట ఇరవై మరమగ్గాలు కావలసి వస్తాయని తెల్లవారుజామున ఎవరు మాత్రం ఊహిస్తారు?

ఇది జరిగింది తొంభై ఒకటిలో, సిరిసిల్లను ఆనుకొని ఉన్న ఒక పేటలో. పేట పేరు చెప్పను. కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లు ఇంకా అక్కడే తిరుగుతున్నారు.

సాంబయ్య ఇరవై రెండేళ్లు వెంకటేశం సేటు షెడ్డులో నాలుగు మగ్గాలు నడిపాడు. నూలు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానా డాక్టరు మందులు ఇచ్చి, త్రాసు ఎక్కించి చూస్తే ముప్పై ఎనిమిది కిలోలు. త్రాసు మీద అనుమానం వచ్చి కంపౌండరు దాన్ని రెండు దెబ్బలు కొట్టి మళ్లీ చూశాడు. అంతే ఉంది. "నలభై అయిదు అయ్యేదాకా షెడ్డు మొఖం చూడొద్దు. మందులతోనే కాదు, మాంసం, కూరగాయలు మెత్తగా ఉడికించి తిను. నూనె, కారం వద్దు" అన్నాడు డాక్టరు. సాంబయ్య మగ్గాలను అప్పటికే తోటి నేతగాడు యాదగిరి నడుపుతున్నాడు. సాంబయ్య భార్య సత్యవ్వ చుట్టే బీడీల మీద ఇల్లు నడుస్తోంది. ఈ బరువు పెరగకపోతే మగ్గాలు ఇక రావు. మనిషి కూడా ఉండడని సత్యవ్వకు లోలోపల భయం. ఆ మాట మాత్రం ఆమె ఎవరితోనూ అనలేదు.

సత్యవ్వ తమ్ముడు నర్సింగం కోరుట్లవాడు. దుబాయిలో ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ వంటింట్లో ఏడేళ్లు పనిచేసి వచ్చాడు. కోరుట్లకు తిరిగొచ్చినవాళ్లంతా టేపురికార్డర్లు తెస్తే, ఇతను ఒక కుండ తెచ్చాడు. కుండంటే మామూలు కుండ కాదు. తెల్లని పింగాణీ పాత్ర, దానికొక రేకు డొల్ల, పైన గాజు మూత, ముందువైపు జొన్నగింజంత ఎర్రబుగ్గ, వెనుక కరెంటు తీగ. స్లో కుక్కర్ అన్నాడు.

"గిందుల పొద్దుగాల ఏస్తె ఎనిమిది గంటలకు అదే ఉడుకుతది బావా. కలుపుడు లేదు, ఊదుడు లేదు. మంట ఉండదు, పొగ ఉండదు. పీసు నాలిక మీద పెట్టంగనే ఇడిపోతది. డాక్టరమ్మ మంచం పట్టినోళ్లకు గిట్లనే వండిచ్చి పెట్టేది. లేసి నడిసిండ్రు."

"మరి ఏం మాంసం?" అని సాంబయ్య అడిగాడు.

నర్సింగం గొంతు తగ్గించాడు. "పెద్దకూర."

గొడ్డుమాంసం పేరు ఆ ఇంట్లో ఎత్తడం అదే మొదటిసారి. పేటలో ఉన్నవన్నీ నేతవాళ్ల ఇళ్లే. కులసంఘం అధ్యక్షుడు రాజమౌళి ఇల్లు రెండు గుమ్మాల అవతల. పెద్దకూర తిన్నారని ఎల్లంతకుంటలో ఒక కుటుంబాన్ని ఏడాదిపాటు సంఘం బంతిలో కూర్చోనివ్వని మనిషి అతను.

"రోగమైతె నాదొక్కనిదే, పరువైతె అందరిది" అన్నాడు సాంబయ్య దిగులుగా.

సత్యవ్వ అభ్యంతరం వేరు. "మా అత్త సచ్చిపోయేటప్పుడు చెప్పింది. నా పొయ్యి మీద అది ఎక్కద్దు."

"పొయ్యి మీద ఎందుకక్కా, గోడకు పెడతం" అని నర్సింగం ప్లగ్గు చూపించాడు.

సత్యవ్వ ఆలోచించింది. అత్తగారు పొయ్యి గురించే చెప్పింది గాని గోడ గురించి ఏమీ చెప్పలేదు. పైగా భర్త పక్కటెముకలు చొక్కాలోంచి కనబడుతున్నాయి. "మూత గట్టిగ పెట్టు" అంది.

ముందురోజు సాయంత్రం జగిత్యాలలో కొని, నాలుగు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, ఐసు మధ్యన పెట్టి నర్సింగం తెచ్చిన కిలోన్నర మాంసం, ఆలుగడ్డ, క్యారెట్, బీన్స్, ఉల్లిగడ్డ, నాలుగు మిరియాలు బుధవారం పొద్దున ఆరు గంటలకు కుండలో పడ్డాయి. ఎర్రబుగ్గ వెలిగింది. ముగ్గురూ చుట్టూ కూర్చొని గాజు మూతలోంచి చూశారు. ఏమీ కాలేదు. అరగంటకు కూడా ఏమీ కాలేదు. గంట గడిచాక ఒక చిన్న బుడగ లేచి, పైకి వచ్చి, పగిలింది.

"అచ్చింది" అన్నాడు సాంబయ్య. ఇంతకన్నా పెద్ద విషయాలు చూసినప్పుడు కూడా అతని గొంతు అట్లా తగ్గలేదు.

"జూసుడు జూడున్రి గని మూత మాత్రం తియ్యద్దు" అన్నాడు నర్సింగం. "ఒక్కసారి తీస్తె వేడంత మీదికి పోతది. అరగంట లెక్క మల్ల మొదటికొస్తది."

ఎనిమిది గంటలకు కరెంటు పోయింది.

ఇళ్ల లైనుకు పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా కోత అని పేటలో పుట్టిన కోడికి కూడా తెలుసు. దుబాయిలో ఏడేళ్లున్న నర్సింగానికి తెలియదు. తెలిసిన సాంబయ్యకేమో బుడగలు చూస్తూ గుర్తు రాలేదు. "సగం ఉడికి సల్లారితె ఇషమైతదని డాక్టరమ్మ చెప్పింది" అని నర్సింగం ప్లగ్గు పీకాడు. కరెంటు ఉన్నది ఒక్క షెడ్ల లైనులోనే. కుండను దుబాయి రగ్గులో చుట్టి, పసిపిల్లలా ఛాతీకి హత్తుకొని, నర్సింగం ముందు, ఆయాసపడుతూ సాంబయ్య వెనుక, వెంకటేశం సేటు షెడ్డుకు పరుగెత్తారు.

నలభై మగ్గాలు ఆడుతున్న షెడ్డులో మనిషి మాట మనిషికి వినిపించదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందన్నా, చాయ తాగుదామన్నా, సేటు వస్తున్నాడన్నా చేతులే. సాంబయ్య తన పాత మగ్గం పక్కనున్న ప్లగ్గుకు తీగ పెట్టించాడు. ఎర్రబుగ్గ వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపు యాదగిరి వచ్చి రగ్గు కొస ఎత్తబోయాడు.

 మూత తీస్తే లోపల ఏముందో షెడ్డంతా చూస్తుంది. పైగా అరగంట పోతుంది. సాంబయ్య వద్దని తల అడ్డంగా ఊపాడు. మూత వైపు చూపించి, తీస్తున్నట్టు చేసి, వేడంతా పైకి పోతుందని చెప్పడానికి రెండు చేతులూ ఒక్కసారిగా ఆకాశం వైపు లేపి, వేళ్లు విప్పాడు.

యాదగిరి రగ్గు వైపు చూశాడు. ఎర్రబుగ్గ వైపు చూశాడు. తీగ వైపు చూశాడు. చెమటలు కక్కుతున్న కొత్త మనిషి వైపు చూశాడు. ఆ యేడు కల్వర్టుల కింద ఏమేం పెడుతున్నారో, వాటికి ఎట్లాంటి తీగలుంటాయో పేపర్లో చదవనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. అతను మెల్లగా తన మగ్గం ఆపాడు. పక్కవాడికి చేతులతో అదే మాట చెప్పాడు. రెండు చేతులు పైకి, వేళ్లు విప్పి. ఆ పక్కవాడు మగ్గం ఆపి ఇంకొకరికి చెప్పాడు. రెండు నిమిషాల్లో నలభై మగ్గాలూ ఆగి, షెడ్డు ఖాళీ అయింది. అందరికన్నా ముందు బయటికి వచ్చినవాడు వెంకటేశం సేటు.

మగ్గాల పేటలో చప్పుడు ఎవరికీ వినిపించదు. ఆగిపోతేనే వినిపిస్తుంది. కరెంటు ఉండగా, పట్టపగలు, ఒక షెడ్డులో మగ్గాలన్నీ ఆగాయంటే పేటలో ఎవరో పోయారని అర్థం. ఎవరూ వచ్చి చెప్పరు, ఎవరూ అడగరు. మర్యాదగా మిగతా షెడ్లవాళ్లూ ఆపేస్తారు. ఆ రోజూ అట్లాగే ఆపేశారు. నూట ఇరవై మగ్గాలు నిశ్శబ్దమైపోయాయి. ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరు పోయారన్న ప్రశ్నకు అందరికీ ఒక్కటే జవాబు తట్టింది.

లసుమవ్వ పేటలో ప్రతి చావుకూ ముందుగా వెళ్లే ముసలమ్మ. ఆమె నేరుగా సత్యవ్వ ఇంటికి వచ్చి, చాట ముందు కూలబడి గొంతెత్తింది. "ఎంత మంచోడే బిడ్డా, తినే యోగం లేకపాయె."

సత్యవ్వ ఒక్క క్షణం నమ్మింది. ఆ క్షణం ఎంత పొడుగుందో తర్వాత ఎప్పుడు అడిగినా ఆమె చెప్పలేకపోయింది. చెప్పుల్లేకుండా షెడ్డు దాకా ఉరికింది. అక్కడ జనం దూరంగా గుండ్రంగా నిలబడి ఉన్నారు. షెడ్డు లోపల ఎర్రబుగ్గ ముందు గొంతుక్కూర్చొని సాంబయ్య కనిపించాడు. "ఉన్నవా" అంది. వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ తర్వాత అతని చొక్కా పట్టుకొని ఏడ్చింది. ఆమె వెనకే పరామర్శకు వచ్చిన లసుమవ్వ, పోయిన మనిషి దగ్గుతుంటే ఏం చేయాలో తోచక కొంగు సర్దుకుంది.

ఇంతలో జనం గుమిగూడడం చూసి సైకిల్ మీద పోతున్న కానిస్టేబుల్ ఎల్లేశం ఆగాడు. యాదగిరి చెప్పింది విని సైకిల్ దిగి, ఇరవై అడుగుల దూరం నుంచి అడిగాడు. "ఏమున్నది అండ్ల?"

"కూర సార్" అన్నాడు నర్సింగం.

"మరి తెరువు."

"తెరిస్తె అరగంట పోతది సార్."

"కూరైతె తెరుసుటానికి భయమెందుకు?"

దానికి నర్సింగం దగ్గర జవాబు ఉంది గాని, కులమంతా చుట్టూ నిలబడి ఉండగా ఆ జవాబు చెప్పే వీలు లేదు. బావాబామ్మర్దులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎల్లేశానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. కుండను ఠాణాకు నడిపించమన్నాడు. నర్సింగం రగ్గుతో సహా ఎత్తుకొని ముందు నడిచాడు. పక్కన సాంబయ్య. ఇరవై అడుగుల వెనుక ఎల్లేశం. ఇంకో ఇరవై అడుగుల వెనుక, పేలితే చూద్దామని పేటంతా.

ఇసుక బస్తాల మధ్య నుంచి లోపలికి వెళ్లగానే నర్సింగం ఎస్సైకి దండం పెట్టి మొదటి మాట అన్నాడు. "సార్, ఒక ప్లగ్గు కావాలె."

ఎస్సై కుర్రవాడే. ఎక్కడో కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎనిమిది నెలలుగా నిద్ర సరిగా లేదు, హోటలు అన్నం సరిగా దిగదు. "పేలితే?" అన్నాడు.

"పేల్తె ముందుగాల నేనే పోత సార్. అందరికన్న దగ్గర నేనే గదా ఉన్న."

ఈ మాటలో తప్పు ఎస్సైకి కనిపించలేదు. వైర్‌లెస్ సెట్టు కోసం ఠాణా లైనుకు కోత లేదు. కానీ ఉన్న ఒక్క మంచి ప్లగ్గుకు ఎస్సైగారి ఫ్యాను ఉంది. అతను కాసేపు ఆలోచించి ఫ్యాను తీయించాడు. ఎర్రబుగ్గ వెలిగింది. పోలీసులు గోడకు ఆనుకొని చూశారు. చాలాసేపటికి ఒక బుడగ లేచి, పైకి వచ్చి, పగిలింది.

"మంట ఎక్కడుందయ్యా?" అన్నాడు ఎస్సై.

"కనపడది సార్."

"చప్పుడూ లేదు."

"ఉండది సార్."

ఎస్సై కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ ఎనిమిది నెలల్లో చప్పుడు లేని వస్తువును చూసి భయం వేయకపోవడం అతనికి అదే మొదటిసారి. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా. గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో ఉండేది ఇద్దరు. వచ్చింది ఒక్కడు. గిన్నె చూస్తే పది మందికి సరిపోయేలా ఉంది. మిగతా ఏడుగురు ఎవరు? ఎక్కడి నుంచి దిగుతున్నారు?"

ఆ రోజుల్లో ఇంటి లెక్కకు మించి వండడం అంటే అడవిలోవాళ్లకు వండడమే. బియ్యం కడిగిన నీళ్లు ఎక్కువ పారబోసినా పిలిపించి అడిగేవారు. "సగం కన్న తక్కువ పోస్తె మాడుతది సార్, గందుకే నిండ ఏసిన" అన్నాడు నర్సింగం. అది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఎవరూ నమ్మలేదు.

తేల్చాలంటే మూత తీయాలి. అనుమానం ఉన్న పాత్రను ఇద్దరు పెద్దమనుషుల ముందే తెరవాలని, చూసింది చూసినట్టు పంచనామా రాయాలని పై నుంచి ఉత్తరువు. ఎల్లేశం వెళ్లి పంచులను ఖాయం చేసుకొని వచ్చాడు. ఒకరు షెడ్డు యజమాని వెంకటేశం. ఇంకొకరు పేటలో మాటున్న మనిషి, కులసంఘం అధ్యక్షుడు రాజమౌళి.

ఆ పేరు వినగానే సాంబయ్య బల్ల మీద కూలబడ్డాడు. మూత తీయకపోతే దళానికి వండినట్టు. తీస్తే కులానికి దూరమైనట్టు. జైలులోనైనా బంతి ఉంటుంది గాని, రేపు తాను పోతే మోయడానికి నలుగురు రారు. "నేను తిననే లేదు గదరా ఇంక" అన్నాడు నర్సింగంతో. అన్నిటికన్నా ఎక్కువ బాధ దానికే.

రాజమౌళి స్నానం, పూజ ముగించుకొని, కండువా మడత నలగకుండా వచ్చేసరికి ఒకటీ యాభై. తక్కువ మాటల మనిషి. నాలుగు దిక్కులా చూసి, కుండ చూసి, సాంబయ్యను చూసి కూర్చున్నాడు. నర్సింగం గడియారం చూసుకొని, దారిలో పోయిన నిమిషాలు కలుపుకొని, "ఇంక ఇరువై నిమిషాలు సార్" అన్నాడు. ఠాణా ఆగింది. ఎస్సై కూడా ఆగాడు.

రెండూ పదికి మూత లేచింది.

ఆవిరి తెల్లగా లేచి, సీలింగు దాకా వెళ్లి, గదంతా పరుచుకుంది. మిరియాలూ ఉల్లిగడ్డా మాంసమూ కలిసిన ఆ వాసనకు కిటికీ అవతల కాపలా కానిస్టేబుల్ తుపాకీ భుజం మార్చుకున్నాడు. క్యారెట్ ముక్కల రంగు చెక్కుచెదరలేదు. మాంసం ముదురుగా మెరుస్తోంది. ఎల్లేశం చెంచా ఆనించాడో లేదో ముక్క పోగులు పోగులుగా విడిపోయింది.

రైటరు రాయడం మొదలుపెట్టాడు. "తెల్లని పింగాణీ పాత్ర ఒకటి. అందులో ఎర్రని దుంప ముక్కలు, పచ్చని కాయ ముక్కలు, పేలుడు పదార్థములు లేవు."

"విషం ఉందో లేదో" అన్నాడు ఎస్సై. "వండినవాళ్లే ముందు తినాలి."

సాంబయ్య చేతికి గిన్నె ఇచ్చారు. పొద్దుటి నుంచి అతను అనుకున్నది ఇదే. గడియ పెట్టిన తలుపు లేదు, అంతే తేడా. చుట్టూ పోలీసులు, ఎదురుగా రాజమౌళి. మొదటి ముక్క నాలుక మీద పెట్టుకున్నాడు. నమలబోయాడు. నమలడానికి ఏమీ మిగల్లేదు, అది అప్పటికే కరిగిపోయింది. ఆరు నెలలుగా ఏది తిన్నా గొంతులో అడ్డంపడే మనిషికి ముద్ద తర్వాత ముద్ద దిగిపోయింది. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా గిన్నె ఊడ్చి తిన్నాడు. ఎవరూ వద్దనలేదు. నర్సింగం ఇంకో గిన్నె నింపాడు.

"సరే" అన్నాడు రైటరు కలం ఎత్తి. "మాంసం అని రాసిన. ఏం మాంసం?"

గదిలో గాలి ఆడలేదు. ఫ్యాను లేదు కదా. ఎస్సై సాంబయ్య వైపు చూశాడు. సాంబయ్య నేల వైపు చూశాడు. వెంకటేశం ఒక క్యారెట్ ముక్క నోట్లో వేసుకొని, "నేను క్యారెట్ దాంక సాచ్చి. మీదికి నన్ను అడుగద్దు" అన్నాడు.

"నేను జెప్త" అన్నాడు రాజమౌళి.

కండువా వెనక్కి వేసుకొని గిన్నె తీసుకున్నాడు. ఒక ముక్క తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. కళ్లు మూసుకొనే చాలాసేపు ఉన్నాడు.

"మేక" అన్నాడు.

ఎల్లేశం ఉండబట్టలేక గిన్నెలోని ఎముక వైపు వేలు చూపించాడు. "గంత లావు బొక్క..."

"పెద్ద మేక" అన్నాడు రాజమౌళి. "రాసుకో."

రైటరు రాసుకున్నాడు. రాజమౌళి మొత్తం చదివించుకొని, మేక అన్నచోట వేలు పెట్టి మరోసారి చదివించుకొని, సంతకం చేశాడు. ప్రభుత్వ కాగితం మీద, రెండు సంతకాలతో, ముద్రతో అది మేక అయిపోయింది. ఎస్సైకి ఏమీ తెలియదని నేను అనను. అతను కూడా రెండు గిన్నెలు పరీక్షించాడు.

తిరుగుదారిలో రాజమౌళి సాంబయ్యను పక్కన నడవమన్నాడు. 

"బొంబాయి పక్కన భివండిల పదకొండేండ్లు మగ్గం నడిపిన" అన్నాడు కొంతదూరం పోయాక. "మేకెట్లుంటదో నాకు తెల్వదానుకున్నవా?"

సాంబయ్య కాళ్లు ఆగిపోయాయి. "మామా, మరి..."

"నా తమ్మునికి గిదే రోగం. అక్కడి డాక్టరు గిదే తినుమన్నడు. నేనే తిననియ్యలే. పరువన్న." రాజమౌళి కండువా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "పరువు మిగిలింది. వాడు మిగల్లే. నువ్వు తిను."

 సాంబయ్య ఆ మనిషితో అడుగు కలిపి నడిచాడు. పేటలోకి వచ్చేసరికి మగ్గాలు మళ్లీ ఆడుతున్నాయి.

కుండ మాత్రం ఇంటికి రాలేదు. అది కేసు సొత్తు అని, దాని స్వభావం ఇంకా పూర్తిగా తేలలేదని ఎస్సై ఠాణాలోనే ఉంచుకున్నాడు. అనుమానితుడైన సాంబయ్య ప్రతి ఆదివారం పొద్దున వచ్చి హాజరు సంతకం పెట్టాలని, పరీక్ష నిమిత్తం అదే సరుకుతో నర్సింగం కూడా రావాలని, రెండు గంటల దాకా ఇద్దరూ కదలరాదని ఉత్తరువు వేశాడు. ఎస్సైగారి ఫ్యాను ఆదివారాలు తిరగలేదు. పంచు అవసరం లేదని ఎంత చెప్పినా రాజమౌళి ఒక్క వారం తప్పలేదు. సత్యవ్వ ఆదివారాలు తలుపు తీసిపెట్టుకొని, నిదానంగా బీడీలు చుట్టుకునేది.

ఆరు నెలలకు సాంబయ్య నలభై ఆరు కిలోలయ్యాడు. యాదగిరి నాలుగు మగ్గాలూ అతనికి అప్పజెప్పి పక్క వరుసకు మారాడు. ఆ కాలంలో మా వైపు ఠాణాకు పిలిపించినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, అక్కడికి పోయి బరువు పెరిగి వచ్చినవాడు సాంబయ్య ఒక్కడే.